అన్నమయ్య మనసు కూడా మాట వినలేదు

ఈ వారం మన ఛానెల్‌లో పెట్టిన అన్నమయ్య వీడియో పద్నాలుగు నిమిషాలే. ఎడిటింగ్‌లో చాలా పోయింది. అలా పోయినవాటిలో నాకు ముఖ్యం అనిపించినవి ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు నా గురించి రెండు ముక్కలు. మాది ఎర్రగుంట్ల. సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాళ్ల గనులు, కాస్త దూరంలో థర్మల్ ప్లాంటు చిమ్నీలు, ఇదీ మా ఊరు. ఇంజినీరింగ్ అయ్యాక బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్ని వారాలకోసారి ఆన్‌కాల్ డ్యూటీ పడుతుంది. ఆ వారమంతా రాత్రి ఏ టైముకైనా ఫోన్ మోగొచ్చు. మోగితే అయిదు నిమిషాల్లో లాప్‌టాప్ ముందు ఉండాలి. చిత్రమేంటంటే, మోగిన రాత్రి కంటే మోగని రాత్రే కష్టం. ఇప్పుడు మోగుతుందేమో అని గుండె దడదడలాడుతూ ఉంటుంది. ఈ ఫీల్డులో ఉన్నవాళ్లకి నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

మా ఊళ్లో రైలెక్కి తిరుపతికి వెళ్తే దారిలో కడప, ఒంటిమిట్ట, నందలూరు, రాజంపేట వస్తాయి. ఆ రాజంపేట దగ్గరే తాళ్లపాక. చిన్నప్పుడు కిటికీలోంచి చూసుకుంటూ ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు. ఇప్పుడు హైవే మీద 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కూడా ఉంది, బస్సులో వెళ్లేవాళ్లకి కనిపిస్తుంది. మనకి తెలిసిన అన్నమయ్య ఆ విగ్రహంలాంటివాడే. చేతిలో తంబురా, ముఖంలో ప్రశాంతత. సినిమా చూశాక అది ఇంకా గట్టిపడింది. కానీ ఆయన మనవడు తాళ్లపాక చిన్నన్న ద్విపదలో రాసిన జీవితచరిత్ర ఒకటుంది. అది చదివితే ఆ ఇంట్లో ప్రశాంతత అంత తేలిగ్గా రాలేదని తెలుస్తుంది. కథ మొదలయ్యేది కూడా అన్నమయ్యతో కాదు. చదువు రాని ఒక పిల్లవాడితో.

ఆ పిల్లవాడు అన్నమయ్యకి తాత, పేరు నారాయణయ్య. ఇంట్లో చదువు ఎక్కడంలేదని పక్కనున్న ఊటుకూరులో బంధువుల దగ్గర పెట్టి చదివించారు. అక్కడా రాలేదు. అయ్యవారు గుంజీలు తీయించాడు, కోదండం వేయించాడు, తోటి పిల్లల ముందు చేయాల్సినవన్నీ చేయించాడు. అక్షరం మాత్రం నోటికి రాలేదు. చివరికి ఆ పిల్లవాడు బతకడం దండగ అనుకుని, ఊళ్లో చింతలమ్మ గుడి దగ్గర పాముందని అందరూ చెప్పుకునే పుట్ట దగ్గరికి ఒంటరిగా వెళ్లాడు. అమ్మవారు ప్రత్యక్షమై ఆపిందని చిన్నన్న రాశాడు. తాళ్లపాక చెన్నకేశవస్వామి దయతో చదువు వస్తుందనీ, మూడో తరంలో ఒక గొప్ప భక్తుడు పుడతాడనీ చెప్పి వెనక్కి పంపిందట. ఆ మూడో తరమే అన్నమయ్య.

ఈ ఘట్టం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో నా రూమ్‌మేట్ ఒకడు తెలుగు మీడియం నుంచి వచ్చాడు. మొదటి సెమిస్టర్‌లో నాలుగు సబ్జెక్టులు పోయాయి. ఒకరోజు రాత్రి హాస్టల్ మేడ మీద వాడు కూర్చున్న తీరు చూసి మా వార్డెన్‌గారికి ఏదో తేడాగా అనిపించింది. ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని తెల్లారేదాకా ఊరి కబుర్లు చెప్పారు. వాడికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. నారాయణయ్య ఆ రోజు తిరిగి రాకపోయుంటే మనకి ఈ పాటల్లో ఒక్కటీ ఉండేది కాదు. చిన్నన్నకి కావాలంటే ఈ విషయం దాచేయొచ్చు. ముత్తాత తండ్రి పరువు కదా. దాచలేదు, కథ అక్కడే మొదలుపెట్టాడు. అందుకు ఆయనంటే నాకు చాలా గౌరవం.

ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా నారాయణయ్యలాంటి ఆలోచనలు వస్తుంటే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం వారి టెలీమానస్ నంబరు. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ధ్యానం తర్వాత చూసుకుందాం.

సరే, అన్నమయ్య దగ్గరికొద్దాం. 1408లో నారాయణసూరి, లక్కమాంబలకి పుట్టాడు. పెద్ద ఉమ్మడి కుటుంబం. ఈ పిల్లవాడేమో ఎప్పుడూ పాట, ఆట. పని చేయకుండా పాడుకుంటూ తిరుగుతున్నాడని ఇంట్లోవాళ్లు తలా ఒక మాట అన్నారు. ఒకరోజు పశువులకి గడ్డి కోసుకురమ్మని పంపారు. కోస్తుంటే కొడవలి తగిలి చిటికెన వేలు తెగింది. నెత్తురు చూసేసరికి ఇక ఈ ఇల్లు, ఈ బంధాలు నాకెందుకు అనిపించింది. అప్పుడే దారిలో తిరుమలకి పాడుకుంటూ పోతున్న భక్తుల గుంపు కనిపించింది. కొడవలి అక్కడే వదిలేసి వాళ్ల వెంట నడిచాడు. ఎవరితోనూ చెప్పలేదు. ఉద్యోగం వదిలేసి కొండలెక్కేద్దాం అని మనం శుక్రవారం సాయంత్రం అనుకుంటామే, ఆయన నిజంగానే ఎక్కేశాడు.

కానీ కొండ ఊరికే ఎక్కనివ్వలేదు. అలిపిరి దారిలో నడిచినవాళ్లకి మోకాళ్ల పర్వతం సంగతి తెలుసు. 3,550 మెట్లలో కాళ్లు మొండికేసేది అక్కడే. ఆ పిల్లవాడు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. అక్కడికొచ్చేసరికి కళ్లు తిరిగి ఒక వెదురు పొద నీడలో పడిపోయాడు. అప్పుడు అలమేలుమంగ పెద్దముత్తైదువలా వచ్చి తల ఒడిలో పెట్టుకుందని కథ. కొండంతా సాలగ్రామమయం, చెప్పులతో ఎక్కుతున్నావు, అందుకే దారి కనిపించడంలేదు, విప్పి చూడమంది. విప్పాడు. దారి కనిపించింది. ప్రసాదం పెట్టింది. ఆ ఆనందంలో అమ్మవారి మీద అక్కడికక్కడే ఒక శతకం చెప్పాడట.

చెప్పులు విప్పడం అనే చిన్న విషయం నాకు బాగా పట్టింది. కొండ మారలేదు, మెట్లు తగ్గలేదు. అప్పటిదాకా పైకి చేరాలన్న ధ్యాసే తప్ప కాలి కింద ఏముందో తెలియలేదు. చెప్పు తీసేస్తే ప్రతి రాయీ తెలుస్తుంది. నడక నెమ్మదిస్తుంది. మైండ్‌ఫుల్‌నెస్ క్లాసుల్లో పాదాల కింద నేలని గమనిస్తూ నడవమంటారు. ఈసారి తిరుమల వెళ్లినప్పుడు మోకాళ్ల పర్వతం దగ్గర ఫోన్ బ్యాగులో పెట్టేసి ఉత్తి కాళ్లతో నడిచి చూడండి, ఆ క్లాసు ఫీజు మిగులుతుంది.

మైండ్‌ఫుల్‌నెస్ అనే మాట వచ్చింది కాబట్టి దాని సంగతి కూడా కొంచెం చెప్పాలి. పాళీ భాషలో సతి అంటే మన స్మృతి. బౌద్ధంలోని ఆ మాటకి 1881లో రైస్ డేవిడ్స్ అనే పండితుడు ఇంగ్లీషులో మైండ్‌ఫుల్‌నెస్ అని పెట్టాడు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన దాన్ని ఎనిమిది వారాల కోర్సుగా చేసి, నొప్పులతో, ఒత్తిడితో బాధపడే పేషెంట్లకి నేర్పించడం మొదలుపెట్టాడు. అక్కడినుంచి కంపెనీలకి, మన ఫోన్లలోకి వచ్చింది. అన్నమయ్య చేసింది ఇదే అని నేను అనను. ఆయన చేసింది భక్తి. స్వామి ఉన్నాడు, వింటున్నాడు అన్నది అందులో ప్రాణం. దాన్ని తీసేసి టెక్నిక్ ఒక్కటీ పట్టుకుంటే మిగిలేది ఆయన కాదు. ఇంకో మాట, అన్నీ మనవే అని కొట్టుకోవాల్సిన పని కూడా లేదు. తాళ్లపాకకి కూతవేటు దూరంలో నందలూరు దగ్గర బౌద్ధ స్తూపాల అవశేషాలు ఉన్నాయి. అన్నమయ్య పుట్టకముందే ఆ నేల మీద శ్వాసని గమనించినవాళ్లు ఉండుంటారు.

తిరుమలలో ఘనవిష్ణువు అనే యతి ఆయనకి వైష్ణవ దీక్ష ఇచ్చాడు. తర్వాత తల్లి వెతుక్కుంటూ వచ్చి ఇంటికి తీసుకెళ్లింది. తిమ్మక్క, అక్కలమ్మలతో పెళ్లయింది. తిమ్మక్క అంటే సుభద్రా కల్యాణం రాసిన తొలి తెలుగు కవయిత్రి, ఆమె మీద విడిగా ఒక వీడియో చేయాలి. అహోబిలంలో ఆదివన్ శఠగోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడు. అంటే పారిపోయిన పిల్లవాడు సంసారానికి తిరిగొచ్చాడు. పెళ్లాం పిల్లలు, ప్రయాణాలు, రాజుల దర్బారులు, అన్నీ ఉన్నాయి. ప్రశాంతంగా కొండ మీద కూర్చుని పాడుకున్న మనిషి కాదు.

ఇప్పుడు లెక్క. రాగిరేకుల మొదట్లో ఒక మాట చెక్కి ఉంది. పదహారో ఏట స్వామి ప్రత్యక్షమైంది క్రోధి సంవత్సరం, అంటే 1424. ఆయన వెళ్లిపోయింది దుందుభి సంవత్సరం ఫాల్గుణ బహుళ ద్వాదశి, అంటే 1503. మధ్యలో 79 ఏళ్లు. మొత్తం సంకీర్తనలు 32,000 అని చిన్నన్న చెప్పాడు. భాగించి చూస్తే ఏడాదికి 405. రోజుకి ఒకటి, అప్పుడప్పుడూ రెండు. మామూలుగా మనం 32 వేలు అనే అంకె చూసి నోరు తెరుస్తాం. నాకు ఆ అంకె కంటే ఒకటి అనే అంకె పెద్దదిగా కనిపించింది. జ్వరం వచ్చిన రోజు ఒకటి. ఇంట్లో గొడవైన రోజు ఒకటి. రాజు మెచ్చిన రోజూ ఒకటే.

ఆ ఒక్క పాటలో ఏం జరుగుతుందో చూడండి. సంకీర్తనలు రెండు రకాలు, శృంగారం, అధ్యాత్మం. అధ్యాత్మ సంకీర్తనలు తిరగేస్తే ఆశ్చర్యమేస్తుంది. వాటిలో ఎంత అలజడి ఉందో! మనసు నిలవదని, ఆకలికీ ఆశకీ ఊడిగం చేస్తూ రోజులు పోయాయని, నిన్నటి తప్పు ఇవాళ కూడా చేశానని, ఎవరెవరి ముందో తల వంచానని, స్వామి దగ్గర అరమరికలు లేకుండా చెప్పుకుంటాడు. ఒక్కోచోట తన మనసుని ఎదురుగా కూర్చోబెట్టుకుని పక్కింటి అల్లరి పిల్లాడితో మాట్లాడినట్టు మాట్లాడతాడు. ఆందోళన లేని మనిషి రాసిన పాటలు కావవి. ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి, దానికి ఒక పేరు పెట్టి, బయట పెట్టిన మనిషివి. థెరపిస్టులు కూడా ముందు చేయించేది అదే, భయానికి పేరు పెట్టమంటారు.

తర్వాత పల్లవి. ఆయన్ని పదకవితా పితామహుడు అంటాం. పల్లవి, చరణాలు అనే కట్టుబాటుని తెలుగులో అంతగా నిలబెట్టినవాడు ఆయనే. చరణంలో ఎంత దూరమైనా వెళ్లు, సంసారం, కామం, భయం, చావు, ఎక్కడికైనా వెళ్లు, చరణం అయిపోగానే పల్లవికి రావాలి. మళ్లీ వెళ్లు, మళ్లీ రా. ధ్యానానికి కూర్చుంటే మనకి జరిగేది ఇదే కదా. శ్వాస మీద ధ్యాస పెడతాం, మనసు రేపటి మీటింగుకి పోతుంది, గమనించి వెనక్కి తెస్తాం, మళ్లీ పోతుంది. పోవడం ఫెయిల్యూర్ అనుకుని చాలామంది వారంలో మానేస్తారు. పాట లెక్కలో చూస్తే పోవడం చరణం, రావడం పల్లవి. రెండూ ఉంటేనే పాట. పైగా పాడేటప్పుడు ఊపిరి త్వరగా తీసుకుని మెల్లగా వదులుతాం. వదిలే ఊపిరి పొడుగైతే గుండె వేగం తగ్గుతుంది, ఇది శరీరం పనిచేసే పద్ధతి, నమ్మకంతో పనిలేదు. నా గొంతు బాగోదు. మెల్లగా పల్లవి ఒక్కటీ హమ్ చేసుకుంటా, అది చాలు.

చివరి చరణంలో వేంకటేశుడి పేరు వస్తుంది. దాన్నే ముద్ర అంటారు. ఇది నాకు అన్నిటికంటే ఇష్టం. ఆ రోజు బాధంతా చెప్పుకున్నాక, ఇక నీదే భారం అని ఆయన పేరు మీద వేసి పాట మూసేయడం. నేను ఈ మధ్య ఆన్‌కాల్ వారంలో పడుకునే ముందు ఒక చిన్న నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాస్తున్నా. ఇవాళ దేనికి భయపడ్డాను, ఎక్కడ బిగుసుకుపోయాను, అంతే. చివర్లో శ్రీ వేంకటేశ అని రాసి మూసేస్తా. మీరెవరైనా ఇది యాప్ చేస్తారేమో, దయచేసి చేయకండి. నోట్‌బుక్కే బావుంది.

ఇక బాస్ కథ. సాళువ నరసింహుడు అప్పటికి ఇంకా చక్రవర్తి కాదు, టంగుటూరులో ఉండేవాడు. అన్నమయ్య పాటల పేరు విని దగ్గర చేసుకున్నాడు, స్నేహం కలిసింది. అన్నమయ్య ఆశీస్సుల వల్లే ఎదిగానని నమ్మాడు. పెనుగొండకి మారాక ఆయన్ని కూడా పిలిపించుకున్నాడు. ఇతనే తర్వాత 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు, అంటే ఎంతటివాడో ఊహించుకోండి. ఒకరోజు కొలువులో అన్నమయ్య అలమేలుమంగ పెదవి మీద అంటిన కస్తూరిని వర్ణించే పాట పాడాడు. రాజు పరవశించిపోయాడు. ఆ పరవశంలో, ఇలాంటిది నా మీద కూడా ఒకటి కట్టమని అడిగాడు.

అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. హరిని పొగిడే నాలుకతో మనిషిని పొగడనన్నాడు. రాజుకి కోపం వచ్చింది, సంకెళ్లు వేయించి చెరలో పెట్టించాడు. చెరలో కూడా ఆ రోజు పాట ఆగలేదు. పాడాడు, సంకెళ్లు ఊడి పడ్డాయని చిన్నన్న రాశాడు. కాపలావాళ్లు చెబితే రాజు నమ్మక తానే వచ్చి, తన కళ్లముందే మళ్లీ వేయించి చూశాడట. మళ్లీ ఊడిపోయాయి. అప్పుడు కాళ్ల మీద పడ్డాడు.

సంకెళ్లు ఊడటాన్ని మీరు ఎలా తీసుకున్నా సరే, నాకు అసలు కథ దానికి ముందే అయిపోయింది. స్నేహితుడు, పోషకుడు, ప్రాణం తీయగలిగినవాడు, అందరి ముందు అడిగాడు. అడిగింది ఎంతండీ, ఒక్క పాట. 32 వేలలో ఒకటి. రాసిచ్చేస్తే పోయేది. మనం రోజూ ఇలాంటివి ఎన్ని రాసిచ్చేస్తున్నామో మనకి తెలుసు. ఆదివారం కాల్, సెలవు రోజు రిలీజు, ఒప్పుకోకపోతే ఏమవుతుందో అన్న భయంతోనే ఒప్పుకున్న డెడ్‌లైను. ధ్యానం అంటే ఆఫీసు ఎంత బరువు వేసినా నవ్వుతూ మోసే ఓపిక అని కొన్ని కంపెనీలు నేర్పిస్తాయి, నాకు ఆ వెర్షన్ మీద గౌరవం లేదు. రోజూ ఒకరి ముందు మనసు విప్పి కూర్చునే అలవాటున్నవాడికి తనది ఏదో, తనది కానిది ఏదో తేటగా తెలుస్తుంది. అందుకే ఆయనకి ఆలోచించడానికి టైం పట్టలేదు. అయితే ఒకటి, ఉద్యోగం మీదే ఇల్లు నడిచేవాళ్లు రేపే వెళ్లి మేనేజరుతో చెవులు మూసుకోమని కాదు. ఈఎంఐ నాకూ ఉంది.

దీని తర్వాత జీవితమంతా సుఖాంతం అనుకోకండి. ఇంట్లో పూజ చేసుకునే విగ్రహాలు దొంగలు ఎత్తుకుపోయారు. ఆ బాధ కూడా పాటగానే వచ్చింది, తెచ్చివ్వండయ్యా అని వేడుకుంటూ. అంత జ్ఞాని, అంతా మాయ అని ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. పోయింది కాబట్టి ఏడ్చాడు. విగ్రహాలు మళ్లీ దొరికాయని అంటారు.

ముసలితనంలో తిరుమలలోనే ఎక్కువగా ఉన్నాడు. స్వామి సేవల్లో ఆయన ఇంటి పాటకి చోటు దొరికింది. ఇప్పటికీ ఏకాంత సేవలో తాళ్లపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాల హారతి జరుగుతాయి. తెల్లవారుజామున మేలుకొలుపు కూడా తాళ్లపాకవారిదే. 500 ఏళ్లు దాటినా నడుస్తున్న డ్యూటీ రోస్టర్ ఇది, మా టీమ్ రోస్టర్ మూడు నెలలు నిలవదు.

పాటలు నిలబడటం వెనక కూడా ఇంటివాళ్ల కష్టం ఉంది. కొడుకు పెద తిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించి స్వామి హుండీకి దగ్గర్లో ఒక చిన్న రాతి గదిలో భద్రం చేయించాడు. దాన్ని సంకీర్తన భాండాగారం అన్నారు. కాలక్రమంలో అందరూ మర్చిపోయారు. 1922లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు ఏళ్లకొద్దీ కూర్చుని చదివి అచ్చుకి తెచ్చారు. దొరికినవి సగం కూడా కాదు, 12,000కి పైగా. మిగతావి ఏమయ్యాయో స్వామికే తెలియాలి. ఏ రోజు పాట ఎవరికి చేరుతుందో చూసుకుని పాడలేదు కదా ఆయన.

95 ఏళ్ల వయసులో పోయే రోజులు దగ్గరపడ్డాయని తెలిసి అన్నమయ్య పెద తిరుమలయ్యని దగ్గరికి పిలిచాడు. ఇంటి సంగతులకంటే, నేను లేకపోయినా రోజుకి ఒక్క సంకీర్తనకి తక్కువ కాకుండా స్వామికి వినిపించమన్నదే ఆయన అప్పగింత. కొడుకు సరేనన్నాడు. 1922లో ఆ గది తెరిచినప్పుడు కొడుకు పాటలూ, మనవడు చిన తిరుమలయ్య పాటలూ తండ్రి రేకుల పక్కనే ఉన్నాయి.